స్వరూప తూకంలో మిగిలిన బెల్లం

నేను ఒక బెల్లం దిమ్మెను. పుట్టింది కామారెడ్డి దగ్గర ఒక చెరుకు తోటలో. పెద్ద పెనంలో పొద్దంతా కాగి, చిక్కబడి, చల్లారాక ఒకాయన నన్ను వేళ్లతో కొట్టి చూసి "ఇది మంచిగ కుదిరింది" అన్నాడు. అప్పటి నుంచీ నాకు కొంచెం గర్వం.

లారీలో మావాళ్లందరిదీ ఒకటే ధ్యాస, మేడారం జాతర. సమ్మక్క తల్లికి మొక్కుకున్నవాళ్లు తమ బరువెంతో అంత బెల్లం తూచి గద్దె దగ్గర సమర్పిస్తారు. ఆ బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. తరాజులో ఒక మనిషికి ఎదురుగా కూర్చుంటే చాలు, మా జాతే మారిపోతుంది. మనుషులు బంగారాన్ని పట్టుకుని బెల్లం అనడం మాత్రం నేనెక్కడా వినలేదు.

పరకాలలో సదయ్య కిరాణా కొట్టు ముందు మమ్మల్ని దించారు. సదయ్య తల్లి కొమురమ్మ బస్తాలు విప్పి, ఒక్కొక్కరినీ వాసన చూసి, నచ్చినవాళ్లను పక్కన పెట్టింది. "ఇవి స్వరూప తూకానికి. అమ్మినవంటే ఊకోను" అని కొడుకుకు చెప్పింది.

స్వరూప ఆమె కోడలు. పోయినేడు కడుపులో గడ్డకు ఆపరేషన్ చేస్తే, మత్తు దిగక చాలాసేపు కళ్లు తెరవలేదట. ఆసుపత్రి వరండాలో కొమురమ్మ కొంగు పట్టి, "నా కోడలు లేచి మంచిగ ఇంటికొస్తే దాని ఎత్తు బంగారం పెడత తల్లీ" అని మొక్కింది. స్వరూప లేచింది, ఇంటికొచ్చింది. మొక్కు బాకీ ఉండిపోయింది.

కొట్టు వెనక మిర్చి బస్తాలు తూచే పెద్ద తరాజు వేలాడుతుంది. బెల్లం సరిపోతుందో లేదో చూద్దామని దసరాకు ముందు కొమురమ్మ కోడల్ని ఒక పళ్లెంలో కూర్చోబెట్టి, రెండో దాంట్లో మమ్మల్ని పేర్చింది. మిర్చి ఘాటుకు స్వరూప తుమ్మినప్పుడల్లా మేమందరం గాల్లోకి లేచి దిగాం. అందరికంటే పైన నేను. నన్ను పెట్టగానే ముల్లు నిటారుగా నిలబడింది. ఇంక బంగారమైపోయినట్టే అనుకున్నాను.

ఆ తర్వాతే స్వరూపకు మోకాళ్లు పట్టేశాయి. బరువు దిగితే సరే, లేకపోతే మోకాళ్లకూ ఆపరేషనే అన్నాడు డాక్టరు. మళ్లీ ఆ ఆపరేషన్ బల్ల ఎక్కాలంటే స్వరూపకు వణుకు. మర్నాటి నుంచే తెల్లన్నం మానేసి జొన్న గటుక, పాలకూర పప్పు, మజ్జిగ మీద పడింది. చాయిలో చక్కెర మానేసింది. పొద్దున్నే కాలేజీ గ్రౌండు చుట్టూ నడిచేది, మొదట్లో గోడ పట్టుకుని, తర్వాత పట్టుకోకుండా.

దీపావళి పోయాక కొమురమ్మ మళ్లీ తూచింది. మా పళ్లెం నేలకు ఆనింది. స్వరూప పైన ఊగుతోంది. నన్ను కొంచెం పైకెత్తి పట్టుకుంటే గానీ ముల్లు కుదురుగా నిలవలేదు.

"ఇదేంది, బెల్లం బరువెక్కిందా?"

"బెల్లం కాదత్తా, నేనే దిగిన," అంది స్వరూప. ఆమె ముఖంలో ఆ వెలుగు నాకు అస్సలు నచ్చలేదు.

"మొక్కిన నాడు ఉన్నంత లేకపోతే తల్లి ఊకుంటదా? ఇచ్చిన పానం మల్ల అడుగుతది. జాతర దాంక ఆగు బిడ్డా. ఆమెకు ముట్టజెప్పినంక ఎంతన్న ఎండు."

"జాతర దాంక నా మోకాళ్లు ఆగుతయా?"

నేను కొమురమ్మ పక్షం. దాచుకోవడానికేముంది, స్వరూప లావుగా ఉంటేనే కదా నేను బంగారం. ఇంకొకరి నడుము మీద ఆశలన్నీ పెట్టుకుని బతకడం ఎంత కష్టమో మీకు తెలియదు.

ఆ వారం నుంచి గటుకలో వెన్న పడటం మొదలైంది.

"ఇదెందుకత్తా ఇట్ల మెరుస్తంది?"

"కొత్త జొన్నలు బిడ్డా. గట్లనే ఉంటయి."

స్వరూప వాదించకుండా ఆ గిన్నెను మొగుడి ముందుకు జరిపేది. సదయ్య వద్దనే మనిషి కాదు. చలికాలం ముదిరేసరికి ఆమె జాకెట్లు వదులయ్యాయి, ఆయన చొక్కాకు గుండీలు నిలవడం మానేశాయి. ఇంటి మొత్తం బరువు మాత్రం ఎక్కడికీ పోలేదు.

జాతరకు బయల్దేరే ముందు రోజు ఆఖరి తూకం. కొమురమ్మ కోడలికి పట్టుచీర మీద దుప్పటి కప్పింది, చెంబెడు నీళ్లు తాగించింది, ఒళ్లో రోకలి పెట్టింది. అయినా స్వరూప పళ్లెం పైనే ఉంది. కొమురమ్మ కొడుకు వైపు తిరిగింది.

"సదయ్యా, నువ్వో కాలు పెట్టురా. దాని మీద దిగిందంత నీ మీదనే ఎక్కింది. అది దాని బరువే."

సదయ్య చెప్పు విడిచి, భక్తిగా దండం పెట్టుకుని, కాలు మోపాడు. ముల్లు నిటారుగా నిలిచింది. పైన నేను. ఆ కాసేపూ నేను బంగారాన్నే.

స్వరూప రోకలి పక్కన పెట్టి పళ్లెంలోంచి దిగింది.

"ఆ రోజు తల్లిని ఏమడిగినవత్తా?"

"నిన్ను మంచిగ ఇంటికి తోలమని."

"మంచిగైన మనిషి బరువు ఇంతనే. ఆపరేషన్ అక్కర్లేదని మొన్న డాక్టరు చెప్పిండు. రోకలిని, నీ కొడుకు కాలును కలిపి తూస్తే, 'నా కోడలింక బాగుకాలేదు' అని నువ్వు తల్లి ముంగట అబద్ధం ఆడినట్టు గాదా?"

కొమురమ్మ దుప్పటి తీసేసి, కోడల్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టి, తన చేత్తోనే నన్ను పళ్లెంలోంచి ఎత్తింది. కింద పెట్టలేదు. చంకనేసుకుని నిలబడి మిగతా తూకం చూసింది.

మావాళ్లు బంగారమై బస్సెక్కారు. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. నన్ను కొమురమ్మ పసుపు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టింది. అమ్మొద్దు, తినొద్దు. "తల్లి అడిగితే ఇయ్యాలె" అనేది. జాతర నుంచి వచ్చాక కూడా ఆమెకు నమ్మకం చిక్కలేదు. స్వరూప నడవడానికి వెళ్తే, తిరిగొచ్చేదాకా గడపలో కూర్చునేది. స్వరూపకు జలుబు చేస్తే నాకు కొబ్బరికాయ కొట్టేది. జ్వరమొచ్చిన రోజు నాకు అగరుబత్తీలు కూడా వెలిగించింది. బంగారం కాకపోయినా దేవుణ్ని అయ్యాను. ఆ ఉద్యోగంలో పని తక్కువ, చీమలు ఎక్కువ.

వానలు పడ్డాక ఒకరోజు స్వరూప నేల మీద కూర్చుని గోంగూర తెంపి, ఆకు గిన్నె పట్టుకుని లేచింది. చెయ్యి ఆనించలేదు, ఎవర్నీ పిలవలేదు. కొమురమ్మ చూసింది.

"మల్ల కూసో."

"ఎందుకత్తా?"

"కూసో, చెప్త." స్వరూప కూర్చుంది. "లే." లేచింది. "మల్లొకపారి."

"నేనేమన్న బడి పిల్లనా గుంజీలు తీయనీకి," అని నవ్వుతూనే స్వరూప ఇంకోసారి కూర్చుని లేచింది.

కొమురమ్మ గూటి దగ్గరికొచ్చి నన్ను దించింది. గుడ్డ విప్పి, చీమలు దులిపి, రోట్లో పెట్టి ఒక దెబ్బ వేసింది. విరిగిన ముక్కను నోట్లో వేసుకుని, మిగిలిన నాలుగు పళ్ల మధ్య తిప్పుతూ అక్కడే కూలబడింది. ఇన్ని నెలల్లో ఆమె భుజాలు అలా బరువు దించుకున్నట్టు కిందికి దిగడం నేను చూడటం అదే మొదలు.

"ఎట్లున్నదత్తా?" అంది స్వరూప గుమ్మంలోంచి.

"ఎట్లుంటది," అంది కొమురమ్మ. "బెల్లమే."