మూత రాని పులిహోర డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. గుండ్రంగా, పొట్టిగా ఉంటాను. మూత అంచున ఒక తెల్లటి రబ్బరు రింగు ఉంటుంది. నా గొప్పంతా ఆ రింగే, నా ఖర్మ కూడా అదే. ఫ్యాక్టరీలో రేకును అచ్చులో పెట్టి నొక్కి నన్ను తయారుచేశాక 'చుక్క కూడా కారదు' అని స్టిక్కరు అంటించారు. లోపలున్నది బయటికి రాకపోవడం సుగుణమని తేల్చింది మనుషులే. అదే కారణానికి తర్వాత నన్ను తిట్టిందీ వాళ్ళే.

ఉజ్వల నన్ను ఆఫీసులో ఏదో ఆటల పోటీలో గెలుచుకుంది. చదివింది మెకానికల్ ఇంజినీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు, తినేది నానబెట్టిన ఓట్సు. కొన్నాళ్ళు ఆ జిగురంతా మోశాను. డైటింగు మీద మోజు తీరాక నాలో బట్టల క్లిప్పులు వేసి అటక మీదికి తోసింది. నన్ను మళ్ళీ తిండి డబ్బాను చేసింది వాళ్ళ పెద్దమ్మ శేషారత్నం. క్లిప్పులు కుమ్మరించి, చింతపండుతో తోమి, ఎండలో బోర్లించింది.

శేషారత్నం రాజమండ్రిలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. మాంసం, గుడ్డు సరే, అవి వండిన వంటింట్లో కాచిన పాలు కూడా ముట్టదు. అందుకే సర్వీసంతా పిల్లల్ని విహారయాత్రల బస్సులెక్కించి చెయ్యి ఊపిందే గానీ, తను ఎక్కలేదు. కాశీ టికెట్లు కూడా తిండి భయంతోనే క్యాన్సిల్ చేసుకుంది. అలాంటి మనిషిని ఉజ్వల న్యూజిలాండుకి ఒప్పించింది.

"విమానంలో ఏం పెడతారే?"

"నీకు హిందూ మీల్ బుక్ చేశా పెద్దమ్మా. పప్పు, కూర, అన్నం. హాయిగా తిను."

"గ్యారంటీయేనా?"

"ఒట్టు."

"తేడా వచ్చిందో, దిగిన చోటే తిరుగు విమానం ఎక్కేస్తాను. ఇంకెప్పుడూ ఎక్కడికీ రమ్మని అడక్కు."

ఒట్టు వేసిన పిల్ల 'హిందూ మీల్' అన్న మాట కింద విమానం కంపెనీ వాళ్ళు ఏం రాశారో చదవలేదు. రోజంతా ఇతరుల సాఫ్ట్‌వేరులో తప్పులు పట్టే ఉద్యోగం కదా, ఇంటి దగ్గర సెలవు.

అయినా శేషారత్నం ఊరుకునే రకం కాదు. బయలుదేరే రోజు తెల్లవారుజామునే పులిహోర కలిపింది. ఇంకా పొగలు కక్కుతుండగానే ఉజ్వల దాన్ని నాలోకి తోసి మూత నొక్కింది.

"చల్లారనివ్వవే!"

"క్యాబ్ వాడు హారన్ కొడుతున్నాడు పెద్దమ్మా, నా రేటింగ్ పోతుంది!"

అలా ఒక క్యాబ్ డ్రైవరు ఇచ్చే రేటింగు చుక్కల కోసం నేను ఖైదీనయ్యాను. లోపలి ఆవిరి చల్లబడి నీళ్ళై గోడలకు అంటుకుంది. అది ఖాళీ చేసిన చోటుని నింపడానికి బయటి గాలి తోసుకొచ్చింది. రింగు దారి ఇవ్వలేదు. ఇంక ఆ గాలంతా నా మూతెక్కి కూర్చుంది. నాతోపాటు బ్యాగులోకి వచ్చిన ఆవకాయ సీసాను నూనె ఉందని తనిఖీలో ఆపేశారు. దాని అదృష్టం, అది నేల మీదే ఉండిపోయింది.

మొదటి విమానంలో ప్రయాణం చిన్నది, అరటిపండుతో గడిచిపోయింది. అసలు పరీక్ష రెండోదానిలో. నేను ముందు సీటు కింద, నాలుగు చెప్పుల మధ్య. నాకంటే ఎక్కువగా ఇరుక్కున్నది నడి సీటులో శేషారత్నం. ఇటు ఉజ్వల, అటు కిటికీ పక్కన పెద్దపల్లి నుంచి టూరుకు బయలుదేరిన ఓదెలు. ఆయనకి సిమెంటు షాపు ఉంది, సిమెంటు బస్తాలాంటి భుజాలూ ఉన్నాయి. సీట్ల మధ్య మోచెయ్యి ఆనించుకునే పట్టీ మొత్తం ఆయనదే.

భోజనం బండి వాసన రాగానే శేషారత్నం షుగరు మాత్ర వేసుకుంది. అది భోజనానికి ముందు వేసుకునేది. వేసుకున్నాక తినకపోతే కళ్ళు తిరుగుతాయి. ట్రే వచ్చింది. రేకు మూత తీసి, చెంచాతో ముక్కను తిప్పింది. ఆ ముక్కకు ఎముక ఉంది.

"ఇదేంటే?"

ఉజ్వల చూసింది. ట్రే మీద చీటీ చూసింది. మళ్ళీ ముక్కను చూసింది.

"హిందూ మీల్ అంటే గొడ్డు మాంసం, పంది మాంసం లేకుండా అంతే మేడమ్," అంది ఎయిర్ హోస్టెస్ మెల్లగా. "చికెన్ ఉంటుంది. శాకాహారానికి వేరే పేరుతో బుక్ చెయ్యాలి. ఇవాళ అవన్నీ అయిపోయాయి. బ్రెడ్డు తెస్తాను, జ్యూస్ తెస్తాను."

"ఆ బండిలోంచి వచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టను," అంది శేషారత్నం.

"పెద్దమ్మా, మాత్ర వేసుకున్నావు. జ్యూస్ సీలు వేసిన ప్యాకెట్టు, కనీసం అదైనా..."

"నువ్వు ఒట్టేశావు."

అంతే. కేకలెయ్యలేదు. కేకలేస్తే ఉజ్వలకి కాస్త తేలిగ్గా ఉండేది. కాసేపటికి శేషారత్నం నుదుటి మీద చెమట పట్టింది. కళ్ళు తిరిగి తల సీటుకి వాల్చింది. అప్పుడు గుర్తొచ్చాను నేను.

ఉజ్వల నన్ను బయటికి లాగి మూత పట్టి తిప్పింది. రాలేదు. గోరు విరిగింది.

"ఇటియ్యమ్మా, నేను తీస్త," అన్నాడు ఓదెలు. నన్ను తొడల మధ్య బిగించి, పళ్ళు బిగబట్టి లాగాడు. ఆయన మొహం టమాటాలా అయింది. "ఇదేం డబ్బా తల్లీ! వెల్డింగ్ చేయించిన్రా?"

నేనేమైనా కావాలని చేస్తున్నానా? లోపల పోపులో వేగిన జీడిపప్పు, మెత్తబడ్డ శనగపప్పు, బయటికి రావాలని చూస్తున్న ఇంగువ. ఆకలితో ఉన్న మనిషికి జానెడు దూరంలో ఉండి కూడా పనికిరాకపోవడం కంటే పెద్ద జైలు ఏముంది?

"వేడిగా మూసేశాను కదా, లోపల వాక్యూమ్ ఫామ్ అయింది," అని మొదలుపెట్టింది ఉజ్వల. "అంటే పెద్దమ్మా, బయట ప్రెషర్..."

"దాని పేరు చెప్తే మూత వస్తుందా?" శేషారత్నం గొంతు నీరసంగా ఉంది.

ఉజ్వల మాట్లాడకుండా ఆలోచించడం నేను అప్పుడే చూశాను. లేచి పరుగున వెళ్ళి, మొహం తుడుచుకోవడానికి ఇచ్చే వేడి తువ్వాళ్ళు దోసిలినిండా తెచ్చింది. పొగలు వస్తున్నాయి. నా చుట్టూ చుట్టి, పైన దుప్పటి కప్పి, పెద్దమ్మ ఒళ్ళో పెట్టి, తన రెండు చేతులతో అదిమి పట్టుకుంది. తువ్వాలు చల్లారితే ఇంకోటి. చేతులు ఎర్రగా కందినా వదల్లేదు. "కళ్ళు మూసుకోకు పెద్దమ్మా. నాతో మాట్లాడు. తిట్టు పోనీ."

"తిట్టే ఓపిక కూడా లేదే."

నాలో వెచ్చదనం పాకింది. మూత మీద కూర్చున్న బరువు కొద్దికొద్దిగా సడలింది. ఉజ్వల గోటితో రింగు అంచును పైకెత్తింది. నేను ఫుస్సుమన్నాను. నా జీవితంలో ఇప్పటిదాకా నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే.

ఇంగువ వాసనకి ముందు మూడు వరసల తలలు తిరిగాయి. శేషారత్నం ముద్ద చేసుకుని తింది. మరోటి. ఇంకోటి. చెమట ఆరింది. ఓదెలు చాపిన చేతిలో ఒక ముద్ద పెట్టింది. చివరికి ఉజ్వల చేతిలోనూ ఒక ముద్ద పెట్టి, కందిన ఆ అరచేతిని కాసేపు చూసింది.

"ఉప్పు తగ్గినట్టుందే," అంది.

ఉప్పు తగ్గలేదు. అంత ఎత్తులో నాలుకే మొద్దుబారుతుంది. ఉజ్వలకి ఆ సంగతి తెలుసు. చెప్పబోయి ఆగింది. "అవును పెద్దమ్మా, కొంచెం తగ్గింది," అంది.

తిన్నాక నన్ను పైపైన తుడిచి మూత పెట్టారు. మళ్ళీ అదే పొరపాటు! పైనున్న పలుచటి గాలి నాలో ఉండిపోయింది. విమానం దిగుతున్నకొద్దీ బయటి గాలి బరువెక్కింది, మూత మళ్ళీ బిగుసుకుంది. న్యూజిలాండులో ఆకూ గింజా ఏవీ లోపలికి రానివ్వరు. తనిఖీ ఆఫీసరు నన్ను ఊపి చూశాడు. లోపల మిగిలిపోయిన ఒంటరి కరివేపాకు గరగరలాడింది.

"తెరవాలి. లేదా ఇక్కడ వదిలెయ్యాలి."

"వేడినీళ్ళు దొరికితే ఒక్క నిమిషం..." ఉజ్వల అటూ ఇటూ చూసింది.

"పోనీలేవే, ఇచ్చెయ్యి," అంది శేషారత్నం.

ఉజ్వల మొహం పాలిపోయింది. "తిరుగు విమానం ఎక్కుతావా పెద్దమ్మా?"

"ఎందుకు? ఈ ఊళ్ళో అన్నం వండుకునే గిన్నె దొరకదా? పద, కొందాం. ఈసారి చల్లారాక మూత పెడుదువుగాని." అంటూ నన్ను ఒకసారి నిమిరి, ఆవిడే ముందు నడిచింది. సర్వీసంతా చెయ్యి ఊపిన మనిషి, వెనక్కి తిరిగి నాకు మాత్రం ఊపలేదు.

ఇప్పుడు నేను అద్దాల గోడ పక్కన ఒక పెద్ద చెత్తడబ్బాలో ఉన్నాను. చుట్టూ సగం తిన్న ఆపిళ్ళు, తేనె సీసాలు. నాలో మేఘాల పైనుంచి తెచ్చిన గుప్పెడు గాలి, ఒక కరివేపాకు. అద్దంలోంచి ఎండ మెల్లగా నా మూత మీదికి జరుగుతోంది.

ఇంకాస్త వేడెక్కనివ్వండి, నా రెండో మాట వస్తుంది.