గులాబీ రంగు వచ్చేదాకా

మా అక్క నెట్టీకీ, ఆమె మొగుడు మెట్రోకీ నలభై నాలుగేళ్ళ కాపురంలో ఒక్క ఒప్పందం మాత్రం ఎన్నడూ చెక్కుచెదరలేదు. వంటింట్లో బావ వేలు పెట్టడు, చక్రాల మీది ఇల్లులాంటి మోటర్‌హోమ్‌లో అక్క వేలు పెట్టదు. బండి లోపల దుప్పట్లు మడవొచ్చు, పొయ్యి వెలిగించి సూప్ కాచొచ్చు. గొట్టాలు, పంపు, ట్యాంకుల జోలికి మాత్రం పోకూడదు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి కదా, చక్రాలున్న ప్రతిదీ తన శాఖే అని ఆయన నమ్మకం.

కిందటేడు అక్టోబరులో, మా దేశంలో ఆ నెలలోనే వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ అయిన మర్నాడు, చూరు అంచున వాననీళ్ళు పోయే తొట్టిలో రాలిన ఆకులు తీయబోయి బావ నిచ్చెన మీంచి పడ్డాడు. కుడి భుజం కీలు తప్పింది. చెయ్యి మెడకు వేలాడేలా కట్టి, ఆరు వారాలు కదపొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆ తర్వాత కూడా చెయ్యి తల పైదాకా ఎత్తగలడో లేదో అనుమానమేనంది.

గురువారం పొద్దున నేను క్యాబేజీ చుట్టలు చేసి పట్టుకెళ్ళేసరికి వాళ్ళింట్లో రేడియో మోగుతోంది. ఆ రాత్రికి మైనస్ పదకొండు డిగ్రీలట. మా డాఫిన్ ఊరివాళ్ళకి చలి కొత్త కాదు. కానీ క్లియర్ లేక్ సరస్సు నుంచి సెప్టెంబరులో తిరిగొచ్చాక, ఇంకొక్క వారాంతం వెళ్ళొద్దామన్న ఆశతో బావ బండిలో నీళ్ళు ఖాళీ చేయలేదు. నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి. ఉబ్బితే గొట్టాలూ, కొళాయిలూ, పంపూ పగులుతాయి. వసంతంలో మళ్ళీ నీళ్ళు పట్టగానే బండి జల్లెడైపోతుంది. ఇంటికొచ్చి ఆ పని చేసిపెట్టే ఆయనకి ఫోన్ చేస్తే పై వారం దాకా తీరిక లేదన్నాడు.

“అమ్మేద్దాంలే,” అన్నాడు బావ కిటికీలోంచి బండిని చూస్తూ. “మంచు కరగ్గానే అద్దానికి బోర్డు తగిలిస్తా. ఒంటిచేత్తో దాన్నేం సాకుతాను?”

అక్క పిరోహీలకి, అదే ఉడకబెట్టే కజ్జికాయల్లాంటివాటికి, పిండి వత్తుతోంది. చేతులు ఏప్రానుకి తుడుచుకుంది.

“తాళాలేవీ?”

“ఏ తాళాలు?”

“బండివి. గులాబీ డబ్బాలు గ్యారేజీలోనేగా ఉన్నాయి?”

“ఆ పని గురించి నీకేం తెలుసే?”

“నలభై నాలుగేళ్ళు నీతో వేగాను. ఒక బండితో వేగలేనా? సోన్యా, కోటు వేసుకో.”

గులాబీ డబ్బాలంటే గడ్డకట్టని ద్రవం. గొట్టాల్లో నీళ్ళు తీసేసి, వాటి బదులు దాన్ని నింపుతారు. చూడ్డానికి అచ్చం పిల్లలు తాగే షర్బతులా ఉంటుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి బావ మడతకుర్చీ తెప్పించి బండి పక్కన వేయించుకుని, గళ్ళ దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. మురుగు ట్యాంకులు సరస్సు దగ్గరే ఖాళీ చేసుకొచ్చారు కాబట్టి ఆ బాధ తప్పింది. అక్క మంచినీళ్ళ ట్యాంకు తెరిచింది. వాకిలి వాలు వెంట నీళ్ళు వీధిలోకి పారాయి. తర్వాత వేడినీళ్ళ ట్యాంకు. దాని బిరడా బండి బయటివైపు ఉంటుంది.

“పానా పట్టు. గట్టిగా తిప్పు!” అన్నాడు బావ.

అక్క కళ్ళజోడు పెట్టుకుని బండితో వచ్చిన పుస్తకం తిరగేసింది. “ముందు లోపల వేడి కొళాయి తెరిచి ఒత్తిడి పోనివ్వాలట.”

“పుస్తకాలు రాసేవాళ్ళు బండ్లు తోలరు.”

“ఓహో! ఏటేటా ఈ పని చేసొచ్చినప్పుడు తడిసిన పిల్లిలా ఉండేవాడివి ఇందుకా? అడిగితే చెమటన్నావు!”

“అక్టోబరులో చెమటేంటి బావా?” అన్నాను నేను.

బావ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. అక్క కొళాయి తెరిచొచ్చి బిరడా తిప్పింది. నీళ్ళు బుద్ధిగా కిందికి జారాయి. ఆమె మీద చుక్క పడలేదు.

తర్వాతి పని కష్టమైంది. గులాబీ ద్రవం వేడినీళ్ళ ట్యాంకులోకి పోయి వృథా కాకుండా పక్కదారి పట్టించే వాల్వులు మంచం కింద మూల ఉన్నాయి. అరవై ఏడేళ్ళ అక్క బోర్లా పడుకుని పాకింది. రెండుసార్లు చెయ్యి అందలేదు. మూడోసారి “అమ్మో, నడుం!” అన్న కేక బయటికి వినిపించింది.

బావ దుప్పటి కింద పడేసి లేచాడు. “నెట్టీ! ఏమైంది? వదిలేయ్, బయటికొచ్చేయ్!”

“ఏం కాలేదు. కూర్చో. వాల్వు తిరిగింది.”

కూర్చున్నాడు గానీ, ఆ తర్వాత కాసేపు ఆయన ఆజ్ఞల్లో గొంతు తగ్గింది.

నేను డబ్బా పట్టుకున్నాను. పంపు దానిలోంచి ద్రవం పీలుస్తుంటే అక్క ఒక్కో కొళాయీ తెరిచింది. ముందు గాలి దగ్గు, ఆ వెనక మామూలు నీళ్ళు, ఆ తర్వాత గులాబీ. వంటింటి కొళాయి, చేతులు కడిగే తొట్టి, స్నానాల షవరు, టాయిలెట్. ప్రతిసారీ బయట్నుంచి “వచ్చిందా?” అని కేక, లోపల్నుంచి “వచ్చింది!” అని జవాబు.

చివరికి బయటి షవరు మిగిలింది. బండి పక్కన చిన్న తలుపులో రెండు కొళాయిలూ, పొడుగు గొట్టానికి ఒక చేతి షవరూ ఉంటాయి. ఇసక కాళ్ళు కడుక్కోడానికి.

“అదొదిలెయ్. అది నేను చూసుకుంటా,” అన్నాడు బావ గబగబా.

“ఏ చేత్తో?”

అక్క రెండు కొళాయిలూ తిప్పింది. ఏమీ రాలేదు.

“తిప్పావుగా, అయిపోయింది. మూసెయ్.”

“ఏదీ రాకుండా ఎలా అయిపోతుంది?” అక్క చేతి షవరు కొక్కెం మీంచి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. పిడి వెనక ఒక మీట ఉంది. నొక్కింది.

నీళ్ళు చివ్వున చిమ్మి బావ బూట్ల మీద పడ్డాయి. మామూలు నీళ్ళే. ఒక చెంబుడు ఉంటాయి. ఆ తర్వాతే గులాబీ రంగు వచ్చింది.

బావ లేచి దగ్గరికొచ్చాడు. ఎడం చేత్తో ఆ పిడి తీసుకుని మీట నొక్కాడు, వదిలాడు, మళ్ళీ నొక్కాడు.

“దీన్ని నొక్కాలా?” అన్నాడు చిన్నగా.

“నొక్కకపోతే నీళ్ళెలా పోతాయి? నువ్వు... ఇన్నేళ్ళూ నొక్కలేదా?”

బావ పిడిని మళ్ళీ కొక్కెం మీద పెట్టాడు. నా వైపు తిరిగి, “సోన్యా, ఆ అడుగు అరలో తాడు వెనక కాఫీ డబ్బా ఉంటుంది, పట్రా,” అన్నాడు.

తెచ్చాను. బరువుగా ఉంది. మూత తీస్తే లోపల పది జతల కొళాయిలు, అన్నిటికీ వెంట్రుకంత బీట. బండి కొన్నాక పది చలికాలాలు గడిచాయి.

“నాసిరకం సరుకనుకున్నా,” అన్నాడు బావ. “ప్రతి మే నెలా కొత్తది బిగించాను.”

“మే నెలలో నువ్వు బండి ఇంజను చూపించాలని మెకానిక్ ఒలెక్సా ఇంటికెళ్ళి, రెండ్రోజులు పేకాటలో పడేవాడివిగా?”

“పేకాట ఎప్పుడాడాను? అతని గ్యారేజీలో బండి కింద పడుకున్నాను.”

“నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా!”

“కొన్నరోజు ఊరందరి ముందూ ఏమన్నాను? చుక్క కారదన్నాను.”

నాకు ఉండబట్టలేదు. “అంత కష్టం దేనికి బావా? ఆ గొట్టం బిగించి మూసేస్తే పోయేదిగా. బయట స్నానం ఎవరిక్కావాలి?”

బావ అక్క వైపు చూడకుండా చెప్పాడు. “మొదటి వేసవిలో మీ అక్క సరస్సులోంచి వణుక్కుంటూ వచ్చి ఇక్కడే కాళ్ళు కడుక్కుంది. ‘మెట్రో, వేడినీళ్ళు!’ అని చిన్నపిల్లలా అరిచింది. మళ్ళీ వచ్చి తిప్పితే రాకపోతే ఎలా?”

అక్క ఏదో వెతుకుతున్నట్టు బండిలోకి వెళ్ళింది. పంపు ఆగిపోయింది. కాసేపటికి బయటికొచ్చి మెట్టు మీద కూర్చుని ఆ డబ్బాలోకి చూసింది. నవ్వు మొదలైంది. ఆపుకోలేక ఏప్రానులో మొహం దాచుకుంది. బావ కూడా నవ్వబోయి భుజం పట్టుకున్నాడు.

“నవ్వించకే, ప్రాణం పోతోంది.”

“మెట్రో, ఆ అద్దానికి బోర్డు తగిలించావంటే నిన్ను కూడా దాంతోపాటే అమ్మేస్తా. నీ భుజం పోతే నాకు రెండున్నాయి. ఇవాళ్టి నుంచి గొట్టాలు నావి. నువ్వు కుర్చీలో కూర్చుని తిట్టు. ఆ పని నీకు బాగా వచ్చు.”

“మరి వంటిల్లు?”

“పిరోహీ అంచులు నొక్కడానికి ఎడం చెయ్యి చాలు.”

మిగిలిన ద్రవం ప్రతి తూములోనూ ఓ కప్పు పోసి, నాలుగింటికల్లా బండికి తాళం వేశాం. బావ నొక్కిన పిరోహీలు మరిగే నీళ్ళలో నోళ్ళు తెరిచాయి. అయినా మీగడ వేసుకుని అన్నీ తిన్నాం. ఆ రాత్రి మైనస్ పదమూడుకి దిగింది.

మే నెలలో అక్క ట్యాంకులో నీళ్ళు నింపి పంపు వేసింది. అది కాసేపు గుర్రుమని, అంతటితో ఊరుకుంది. ఎక్కడా కారడం లేదన్నమాట. బావ మోకాళ్ళ మీద కూర్చుని ఆ చిన్న తలుపు తెరిచి పావుగంట చూశాడు. బాగుచేయడానికేమీ లేక ఆయనకి ఏం చేయాలో తోచలేదు. రెండ్రోజులపాటు ముందు అద్దం తుడిచిందే తుడిచాడు. మూడోరోజు చూడలేక అక్క సామాను సర్దేసింది. ఏటా వెళ్ళేదానికంటే రెండువారాల ముందే సరస్సుకి బయల్దేరారు.

జూన్‌లో నేనూ వెళ్ళాను. భోజనాలయ్యాక అక్క లోపల కునుకు తీస్తోంది. బావా నేనూ చెట్టు కింద కూర్చున్నాం. పక్క బండాయన పానా పట్టుకుని వచ్చి, తన పంపు ఆగకుండా తిరుగుతోందనీ, ఒకసారి వచ్చి చూడమనీ బావని బతిమాలాడు. ఆ క్యాంపులో అందరికీ ఇలాంటి సలహాలు ఇన్నేళ్ళూ ఆయనే ఇచ్చేవాడు.

బావ కదల్లేదు. వేలు పెదాల మీద పెట్టుకుని, “మెల్లగా,” అన్నాడు. “గొట్టాల డాక్టరు నేను కాదు, మా ఆవిడ. ఇప్పుడు లేపితే ఇద్దర్నీ తంతుంది. నాలుగింటికి రండి.”