యెలిత్సా పెట్టని సంతకం

"ఇక మిగిలినవి రెండే సంతకాలు, దేసంకా గారూ. మీదీ, మా కంపెనీ అమ్మాయిదీ," అన్నాడు బ్రానిస్లావ్, పక్కన కూర్చున్న తన ఇంజనీరు యెలిత్సాను చూపిస్తూ.

షాబాత్స్ పట్టణంలో మా ఆఫీసంటే, జున్ను పెట్టి కాల్చే బూరెక్ రొట్టెలు అమ్మే ఓగ్న్యెన్ కొట్టు మీది గది. కింద నుంచి వేడి వేడి జున్ను వాసన, కిటికీలో సావా నది. ఆ నది మట్టం చూసి వరదను ముందే పసిగట్టే ప్రోగ్రామ్ మాది. మొదలుపెట్టింది నేను. తర్వాత చాలామంది చేతులు పడ్డాయి. కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు అన్నది దాని లైసెన్స్; కానీ ఎవరు రాసిన ముక్క మీద హక్కు వాళ్లది. అందుకే లైసెన్స్ మార్చాలంటే అందరూ ఒప్పుకోవాలి.

బ్రానిస్లావ్ కంపెనీ సైరన్లు చేస్తుంది. మా ప్రోగ్రామ్‌ను వాటిలో పెట్టి, కోడ్‌ను బయటివాళ్లకు చూపకుండా తాళం వేసుకుంటానన్నాడు. ఒప్పుకుంటే వసంతంలోగా ఒడ్డున ఉన్న ఊళ్లన్నిటికీ సైరన్లు. ఆ ఊళ్ల కోసమే మెత్తబడ్డాను. మిగతావాళ్లనూ నేనే బతిమాలి ఒప్పించాను.

పెన్ను తీశాను.

"నేను పెట్టను," అంది యెలిత్సా.

కాలేజీలో ఉండగా ఆమె మా ప్రోగ్రామ్‌కు ఒక ముక్క రాసింది. నీటి కొలబద్దకు దుంగ అడ్డం పడితే వచ్చే తప్పుడు అంకెను పట్టేస్తుంది అది.

"నీకు జీతమిచ్చేది ఎవరమ్మా?" అన్నాడు బ్రానిస్లావ్.

"మీరే సార్. అది మాత్రం మీ దగ్గర చేరకముందు రాసింది. కోడ్ తెరిచి ఉంది కాబట్టే ఆ తప్పు నా కంటపడింది. తాళం వేశాక ఇంకో తప్పుంటే ఎవరు చూస్తారు?"

"రేపట్నుంచి బూరెక్ అమ్ముకుంటావా?"

"నాకూ మనిషి కావాలి," అన్నాడు అప్పుడే బూరెక్ పళ్లెంతో పైకొచ్చిన ఓగ్న్యెన్. "పొద్దున్నే లేవాలి మరి."

ఈ లైసెన్స్ ఎందుకు ఎంచుకున్నామో ఆ పిల్లకు ఒకప్పుడు చెప్పింది నేనే. పెన్నుకు మూత పెట్టేశాను.

"నా సంతకం కూడా లేదు, బ్రానిస్లావ్ గారూ."

"అయితే సైరన్లూ లేవు."

"ఎందుకుండవు? మా ప్రోగ్రామ్ పెట్టుకోండి, అమ్ముకోండి. లైసెన్స్ కాదనదు. కొన్నవాళ్లకు మీరు మార్చిన కోడ్ కూడా ఇదే షరతు మీద ఇవ్వండి. అంతే."

"నా పోటీవాళ్లు వాడుకోరా?"

"వాడతారు. వాళ్లు బాగుచేసి అమ్మింది మనకూ దొరుకుతుంది సార్," అంది యెలిత్సా.

అతను కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాడు. వసంతానికల్లా ఇస్తానని మునిసిపాలిటీకి మాటిచ్చేశాడు. మా ప్రోగ్రామ్ లేకపోతే ఆ సైరన్లకు ఎప్పుడు మోగాలో తెలియదు. ఆ సంగతి మాకంటే అతనికే బాగా తెలుసు.

కాసేపటికి వచ్చి కుర్చీ లాక్కున్నాడు. "సరే. తాళం లేకుండానే. మా లాయరుకు నేను చెప్పుకోవాలి కదా, ఆ షరతులేవో మొదట్నుంచీ చెప్పు. మెల్లగా."

యెలిత్సా లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. నేను కుర్చీ వెనక్కి జరుపుకుని విన్నాను. నాకంటే బాగా చెబుతోంది.