చెంచా చప్పుడు

నేను ఒక కొయ్యగిన్నెను. సాక్సనీ అడవిలో కొట్టిన బీచ్ చెట్టు దుంగలోంచి నన్ను తొలిచారు. ఇమ్మా అనే చిన్నపిల్ల నన్ను చంకన పెట్టుకుని కన్యాస్త్రీల మఠానికి వచ్చింది. ఆ మఠానికి పెద్ద ఫ్రిదరూన్. ప్రభువుల ఇంటి ఆడపడుచు. ఇమ్మాకు స్వయానా మేనత్త.

"అత్తా!" అంటూ పిల్ల పరిగెత్తింది.

"ఇక్కడ నీకు అత్త లేదు. అందరిలాగే అమ్మగారూ అను," అన్నారావిడ.

భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. ఇమ్మా మాట్లాడేది కాదు. కానీ జావ అయిపోయాక నా అడుగు చెంచాతో గీకేది. ఆ చప్పుడు గదంతా వినిపించేది.

"అది ఆకలిగొన్నవాళ్ల చప్పుడు. మన వంశంలో ఎవరూ అలా తినరు," అన్నారు అమ్మగారు ఒకరోజు. వంశాన్ని వాకిటే వదిలి రమ్మన్నదీ ఆవిడే. ఇమ్మా మళ్లీ గీకలేదు.

కొన్నేళ్లకు, చలికాలపు జ్వరంలో ఇమ్మా పోయింది.

పోయినవాళ్ల చోట నెలపాటు వాళ్ల గిన్నె పెట్టి వడ్డించడం ఆ మఠం ఆచారం. ఆ తిండి వాకిట పేదలకు పెడతారు. నెల చివర గిన్నె కూడా ఇచ్చేస్తారు. అదే సాగనంపడం. పిల్ల బతికుండగా సగానికే జావ పడిన నాలో ఇప్పుడు అంచుదాకా పోసేవారు. మనుషులు పోయినవాళ్లకే కొసరి వడ్డిస్తారు.

నెల నిండింది. వంటిల్లు చూసే తీత్‌బుర్గ నన్ను ఇచ్చేయబోయింది.

"ఉండనీ. రేపు," అన్నారు అమ్మగారు. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అంతే.

చివరికి తీత్‌బుర్గ మెల్లగా అంది: "మాకు ఈ నియమం నేర్పింది మీరే కదా అమ్మగారూ. ఆ పిల్లను వెళ్లనివ్వండి."

అమ్మగారు జావతో నన్ను తానే పట్టుకుని వాకిటికి నడిచారు. అక్కడ కూర్చున్న హిల్లా అనే ముసలామె ఆబగా తిని, నా అడుగు చెంచాతో గీకింది. అమ్మగారు ఉలిక్కిపడ్డారు.

"తప్పయింది తల్లీ. పాడు ఆకలి," అంది హిల్లా బెదిరిపోయి.

"గీకు."

"ఇంకేం లేదు తల్లీ ఇందులో."

"అయినా గీకు."

పెద్దింటివాళ్ల వింతలు పేదలకు అలవాటే. హిల్లా ఖాళీ గిన్నెను గీకుతూ కూర్చుంది. అమ్మగారు గోడకు చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని విన్నారు.

"కడిగి తెచ్చియ్యనా తల్లీ?"

"వద్దు. ఇక నీదే."

ఇప్పుడు నాకు నిలువునా పగులు. జావ నిలవదు. హిల్లా గుడిసె ముందు కోళ్లకు గింజలు నాలోనే పోస్తారు. గింజలు అయిపోయాక కూడా అవి నా అడుగు పొడుస్తూనే ఉంటాయి. చప్పుడవుతుంది. ఎవరూ వద్దనరు.