రెండు స్పీకర్లూ

నూర్ అహ్మద్ స్పీకరు కాగితం మీద రెండు బొటనవేళ్లూ ఆనించి మెల్లగా లోపలికి నొక్కి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపలి తీగచుట్ట రాసుకుంటే ఇసుక నలిగినట్టు చప్పుడొస్తుంది. రాలేదు.

"ఏంది మామా, పోయిందా?" అన్నాడు డ్రైవరు కమాల్ బాషా.

"ఇది బాగనే ఉండాది. రెండోది ఇప్పు."

టూరింగ్ టాకీసు ప్రచారం కారు అది. ప్రొద్దుటూరులో బయల్దేరి పులివెందుల దాకా ఊరూరా సినిమా పేరు చాటాలి. కొన్నాళ్లుగా మాట చీలిపోతోందని జమ్మలమడుగులో నూర్ అహ్మద్ రేడియో అంగడి ముందు ఆపాడు కమాల్ బాషా.

వెనక సీట్లో మైకు పట్టుకుని వనజమ్మ కూర్చుని ఉంది. ఒకప్పుడు నాటకాల్లో వేషాలు కట్టిన మనిషి. ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడాది ఈ బజార్లో మొదటిసారి ఆమె గొంతు వినబడినప్పుడు, చేతిలోని సోల్డరింగు కడ్డీ చల్లారిపోయేదాకా నూర్ అహ్మద్ కదల్లేదు. తర్వాత తల్లి అమీనాబీ పెళ్లి మాటెత్తిన ప్రతిసారీ "చూద్దాంలే అమ్మీ" అన్నాడు. అమ్మీ పోయింది. అతని గడ్డం నెరిసింది. కారు వచ్చే రోజు మాత్రం అంగట్లో రేడియోలన్నీ ఆపేసి కూర్చునేవాడు. ఇన్నేళ్లలో వనజమ్మతో మాట్లాడిందంతా వైర్ల గురించే.

రెండో స్పీకరులోనూ తప్పు లేదు. మరలు బిగించాడు. బ్యాటరీ చూశాడు. గ్రామఫోను రికార్డు వేస్తే పాట తేటగా పలికింది. మైకు అడిగి తీసుకుని "హలో" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా, ఏ చీలికా లేకుండా బజారంతా వినిపించింది.

మైకు తిరిగి ఆమెకిచ్చాడు. "ఇంగోసారి చెప్పు వనజమ్మా."

"మహాజనులారా..."

రెండు స్పీకర్లూ ఒకేలా చీలాయి. కమాల్ బాషా తల పక్కకు తిప్పుకున్నాడు.

నూర్ అహ్మద్ వైరు చుట్టసాగాడు. చుట్టిందే విప్పి మళ్లీ చుట్టాడు. చివరికి అన్నాడు: "మిషన్లో ఏమీ లేదు. రాయవేలూరు పెద్దాసుపత్రికి పోయి గొంతు చూపించుకో. ఆలస్యం చేయొద్దు."

వనజమ్మ మైకు సీటు మీద పెట్టింది.

"నాకు తెలుసప్పా. మింగేదానికే కష్టంగా ఉండాది. నువ్వన్నా స్పీకరే పోయిందంటావేమోనని వచ్చినా."

అనాలనే ఉంది అతనికి. చుట్టిన వైరు తీసి వెనక సీటు కింద పెట్టాడు.

ఆమె కారు దిగి, కొంగుముడి విప్పి, గొంతు కోసం ఎప్పుడూ బుగ్గన పెట్టుకునే కలకండ పొట్లం తీసి అతని పనిబల్ల మీద ఉంచింది. "ఇంగ నాకెందుకు ఇది. నువ్వు తిను," అంది.

కారు ఏమీ చాటకుండానే ముద్దనూరు దారి పట్టింది. మలుపు తిరిగాక కూడా అతను వింటూ నిలబడ్డాడు.

దసరాకు కారు మళ్లీ వచ్చింది. ఎవరో మగగొంతు సినిమా పేరు చెబుతోంది. కమాల్ బాషా దిగలేదు. కిటికీలోంచే, "ఆయమ్మ కత వేలూర్లోనే అయిపాయ మామా," అన్నాడు.

నూర్ అహ్మద్ తలూపి లోపలికొచ్చి, పనిబల్ల ముందు కూర్చున్నాడు. బల్ల మూల, చీమలెక్కకుండా నీళ్లు పోసిన పళ్లెం మధ్యలో, ఆ కలకండ పొట్లం విప్పకుండా అట్లే ఉంది.