గేరు దిగని కారు

ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా పుష్ప కారు మొదటిసారి మొండికేసింది. ముందు ఇనుప రేకుల చుట్టలు మోస్తున్న ట్రైలర్ ఒకటి పాకుతోంది. దాన్ని దాటుదామని ఆమె యాక్సిలరేటర్ గట్టిగా తొక్కింది. మామూలుగా అయితే కారు చటుక్కున కింది గేరులోకి దిగి, గొంతు పెంచి ముందుకురకాలి. ఆ రోజు ఇంజను మూలుగుతూ ఉండిపోయింది. వెనక బస్సువాడు హారన్ మీద హారన్ కొట్టాడు. పుష్ప మనసులో మూడు లెక్కపెట్టాక గానీ గేరు దిగలేదు. దిగాక కారు ఒక్కసారిగా కుదిపింది.

ఆ కారంటే పుష్పకి ప్రాణం. పసితనంలో పోలియో వచ్చి ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది. క్లచ్ తొక్కడం ఆ కాలికి చేతకాని పని. ఏడేళ్ళ కిందట ఈ ఆటోమేటిక్ కారు సెకండ్ హ్యాండ్‌లో దొరికేదాకా, ఉక్కునగరం క్వార్టరు నుంచి మద్దిలపాలెంలో తను పనిచేసే ఇన్సూరెన్స్ ఆఫీసుకి ఆమె రాకపోకలు బస్సు కండక్టర్ల ఓపిక మీదా, భర్త అర్జునరావు షిఫ్టుల మీదా ఆధారపడి ఉండేవి. అతను స్టీలు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. కారు వచ్చాక ఆమె ఎప్పుడు కావాలంటే అప్పుడు బయల్దేరేది. వానొచ్చినా సరే, బందొచ్చినా సరే.

వారం తిరిగేసరికి జబ్బు ముదిరింది. హైవే పక్కనున్న ఓ పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్ళింది. తెల్ల చొక్కా కుర్రాడు బానెట్ ఎత్తి, దించి, "గేర్‌బాక్సు పోయింది మేడమ్. మొత్తం మార్చీయాలి" అన్నాడు.

"రోడ్డు మీద నడిపి సూడరా?"

"అక్కర్లేదు మేడమ్. ఇలాంటివి రోజూ సూత్తన్నాం."

పుష్పకి ఒళ్ళు మండింది. పదిహేడేళ్ళుగా ఆఫీసులో ప్రమాదాల క్లెయిములు చూసే సీటు ఆమెది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందని అడక్కుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టి ఎరగదు. కారు వెనక్కి తెచ్చేసుకుని, ఆ రోజు నుంచే ఒక చిన్న డైరీలో రాయడం మొదలుపెట్టింది. "సోమవారం. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు కొంచెం నయం. గాజువాక దాటి ఇంజను వేడెక్కాక బద్ధకం." "బుధవారం. ఏసీ ఆపి చూశాను. తేడా లేదు." "గురువారం. మెల్లగా తొక్కితే గేర్లు నెమ్మదిగానైనా మారుతున్నాయి. ఓవర్‌టేక్ చేద్దామని గట్టిగా తొక్కినప్పుడే అసలు బాధ."

పక్క సీటు ఈశ్వరి ఆ డైరీ చూసి నవ్వింది గానీ, ఒక దారి కూడా చెప్పింది. "పాత పోస్టాఫీసు వెనకాల ఫారూఖ్ గారని ఉన్నారు. పోర్టులో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్టులు రిపేరు సేసి రిటైరయ్యేరు. వాటిల్లోనూ గేర్లు వాటంతటవే మార్తాయట. ఓసారి అడిగి సూడు."

శనివారం పొద్దున్నే వెళ్ళింది. ఇంటి ముందే రేకుల షెడ్డు. ఫారూఖ్‌కి అరవై దాటుంటాయి. మాసిన బనీను, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. కారు సంగతి తర్వాత, ముందు డైరీ తీసుకుని చివరిదాకా చదివాడు.

"ఇదంతా మీరే రాసేరామ్మా?"

"నానే రాసేనండి."

"అరె! డాక్టరు దగ్గిరికెళ్ళే మడిసి కూడా ఇంత బాగా సెప్పుకోడు" అంటూ బానెట్ ఎత్తాడు. గేర్‌బాక్సులోని నూనె పుల్లతో తీసి తెల్లకాగితం మీద ఓ చుక్క వేశాడు. "ఇది ఎర్రగా ఉండాల. కషాయంలాగ ఎలాగైపోయిందో సూడండి." ఆ చుక్కని వేళ్ళ మధ్య నలిపి, ఎండలో పెట్టి చూశాడు. "ఇనప రజను తగల్లేదు. అంటే లోపల ప్లేట్లు బాగానే ఉన్నాయి. గేర్‌బాక్సు మార్చక్కర్లేదు."

పుష్పకి అప్పుడు ఊపిరాడింది. "మరి గేరెందుకు దిగదండీ?"

"మామూలు కార్లో గేరు మార్చేది డ్రైవరు సెయ్యి. దీన్లో ఆ పని నూనె సేస్తాది. దాని ఒత్తిడితోనే లోపల ప్లేట్లు పట్టుకుంటాయి, వదుల్తాయి. నూనె పాతబడిపోతే పట్టు ఆలస్యమవుద్ది."

నూనె, ఫిల్టరు మార్చడానికి రెండు గంటలు పట్టింది. ఈలోగా ఫారూఖ్ భార్య జమాలున్నీసా ఆమెని లోపలికి పిలిచి సేమ్యా, టీ ఇచ్చింది. మాటల్లో మాటగా తనకీ కారు నేర్చుకోవాలని ఉందంది. "ముప్పయ్యేళ్ళు ఫోర్క్‌లిఫ్టులు బాగుచేసేరు, నడిపేరు. నాకు స్కూటరైనా నేర్పలేదు" అని గుమ్మంలోకి వినబడేలా అంది. గుమ్మం అవతల రెంచీ చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

పని అయ్యాక ఫారూఖ్ తనే నడిపి చూస్తానన్నాడు. తన చెప్పులకి నూనె మరకలున్నాయని, డ్రైవరు కాళ్ళ దగ్గరున్న మేట్లు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, ఒక దినపత్రిక పరిచి కూర్చున్నాడు. పుష్ప పక్కసీట్లో కూర్చుంది. పోర్టు పక్కన కొండెక్కే రోడ్డు మీద అతను యాక్సిలరేటర్ నొక్కగానే గేరు చటుక్కున దిగి, కారు ఊపందుకుంది.

"దిగీసింది!" అన్నాడు, చిన్నపిల్లాడిలా తొడ చరుచుకుని.

షెడ్డుకి తిరిగొచ్చాక కాగితం తీసేసి, మేట్లు దులిపి యథాప్రకారం వేశాడు. ఈసారి నడిపింది పుష్ప. అదే కొండ, అదే ఎత్తు. కారు కుదపడం మానేసింది, మెల్లగా తొక్కితే గేర్లు మెత్తగానే మారుతున్నాయి. కానీ గట్టిగా తొక్కినప్పుడు మళ్ళీ అదే మూలుగు. ఆమె మొహం చిన్నబోయింది.

ఫారూఖ్ కారు వెనక్కి తిప్పించాడు. షెడ్డులో కారాపించి, స్టీరింగు కింద చిన్న స్కానర్ తగిలించాడు. "ఇంజను ఆపే ఉంచి, పెడలు పూర్తిగా తొక్కండమ్మా."

తొక్కింది. పెడలు నూటికి డెబ్బయ్యారు వంతులే దిగిందని స్కానర్ చూపించింది.

"నూరుకి దగ్గిరగా రావాల. అలా వస్తేనే కంప్యూటరు గేరు దించుద్ది. ఇంకా తొక్కండి."

"ఇంక దిగడం లేదండీ. కిందకి ఆనిపోయింది."

ఫారూఖ్ చూపు ఒక్క క్షణం ఆమె కాళ్ళ వైపు వెళ్ళి, వెంటనే స్కానర్ మీదికి తిరిగింది. ఏదో అడగబోయి మింగేశాడు. అలాంటి చూపులు పుష్పకి కొత్త కావు. ఇతను మాత్రం నొచ్చుకుంటూ చూశాడు.

"దెబ్బతిన్నది ఎడంకాలండి. ఈ కుడికాలు రెండింటి పనీ సేసీ సేసీ మా ఆయన కాలికన్నా గట్టిపడింది" అని నవ్వింది.

అతను తేలిగ్గా నవ్వాడు. "అయితే పెడలు దగ్గిర సెన్సారు పోయినట్టుంది. సోమారం తెప్పిస్తాను."

పుష్ప సరే అనబోయి ఆగింది. ఆఫీసులో ఒకే ప్రమాదం గురించి ఇద్దరు రెండు రకాలుగా రాసిస్తే ఆమె చేసే పని ఒకటుంది. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో వెతుకుతుంది. అదే కారు, అదే కొండ, అదే నూనె. మరి అతనికి దిగిన గేరు తనకెందుకు దిగలేదు?

"ఫారూఖ్ గారూ, సెన్సారుకి మనుషుల్ని బట్టి మారడం తెలీదు కదండీ. మీరు నడిపినప్పుడు నా మేట్లు లేవు. కాగితం ఉంది."

పుష్ప వంగి మేటు లాగింది. వేలెడు మందాన, నూడుల్స్ కుప్పపోసినట్టున్న నల్లటి కొత్త మేటు. దాని కింద కారుతో వచ్చిన పాత రబ్బరు మేటు అలాగే ఉంది. పెడలు పూర్తిగా దిగక ముందే ఆ మెత్త మీద ఆగిపోతోంది. రెండూ తీసేసి తొక్కింది. స్కానర్ తొంభైతొమ్మిది చూపించింది.

"యా అల్లా! తీసిందీ నానే, మళ్ళీ ఏసిందీ నానే!" అని ఫారూఖ్ నుదురు కొట్టుకున్నాడు. "ముప్పయ్యేళ్ళ సర్వీసు నాది. దొరకబట్టింది మీరు."

"సగం మీరే పట్టేరు. నూనె పాడవలేదా?"

"అదీ నిజమే. రెండు జబ్బులూ కలిసి ఒక జబ్బులాగ కనపడ్డాయి." పాత రబ్బరు మేటు ఒక్కటే వేసి, జరక్కుండా కొక్కేలకి తగిలించాడు. "మేటు మీద మేటు ఎప్పుడూ ఎయ్యకండమ్మా. గేరు దిగకపోడం సంగతి సరే. పెడలు మేటుకి ఇరుక్కుంటే పెమాదం."

తిరుగు దారిలో ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎక్కుతూ, ముందు ఎవరూ అడ్డం లేకపోయినా పుష్ప ఒకసారి గట్టిగా తొక్కింది. కారు చటుక్కున గేరు దించుకుని ఎగువకి దూసుకుపోయింది. ఒక్కతే కూర్చుని గట్టిగా నవ్వుకుంది.

అర్జునరావు పొద్దుటి 'ఏ' షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి కూర్చున్నాడు. అతను ఆమె మేనమామ కొడుకే. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా ఆమెకి 'బావా' అన్న పిలుపు పోలేదు.

"బావా, కారు బాగైపోయింది."

"గేర్‌బాక్సు మార్చేరేటి?"

"లేదు. నూనె మార్చేరు. మేటు తీసేసేం."

"మేటేటి?" అన్నాడు. మరుక్షణం అతని మొహం మారింది. ఆ మేటు అతను కొన్నదే. వానాకాలంలో తడి చెప్పుతో ఆమె కాలు రబ్బరు మీద జారుతోందని, మొన్న పెళ్ళిరోజుకి గాజువాకంతా తిరిగి, దుకాణంలో అన్నిటికన్నా మందమైనది ఏరి తెచ్చాడు. "అయితే నిన్ను ఇన్నాళ్ళు యాతన పెట్టింది నానేనా?"

"నువ్వు సగమే. మిగతా సగం నూనె."

అతను నవ్వలేదు. పుష్ప అతని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "కాలు జారిపోద్దని భయపడ్డావు కదా. నా చెప్పులకి మంచి గ్రిప్పున్న సోలు ఏయించు. అది గేరుకి అడ్డం రాదు."

ఆ మాటకి అతని మొహం విచ్చుకుంది. "రేపే ఏయిస్తాను" అన్నాడు.

మర్నాడు ఆదివారం సాయంత్రం ఇద్దరూ కైలాసగిరి బయల్దేరారు. కొండ మలుపుల్లో పుష్ప పెడలు తొక్కిన ప్రతిసారీ అర్జునరావు చెవి రిక్కించి, "దిగింది" అన్నాడు. రెండో మలుపులోనూ, మూడో మలుపులోనూ అన్నాడు.

"బావా, ఇది క్రేన్ కాదు. ఊరుకో."

"సరే, ఊరుకుంటాను" అన్నాడతను బుద్ధిగా. కిటికీ అద్దం దించాడు. కింద సముద్రం మీద ఎండ తగ్గుతోంది. తరవాతి మలుపు కొంచెం నిటారుగా ఉంది. పుష్ప తొక్కింది. ఇంజను గొంతు మారింది.

"దిగింది" అన్నాడు అర్జునరావు.