తోక చేతిలో బ్యాటు

బ్రిడ్జ్‌టౌన్ మైదానంలో చివరి రోజు. ఇంగ్లండ్ మీద గెలవడానికి వెస్టిండీస్‌కి ఇంకా ముప్ఫై ఎనిమిది పరుగులు కావాలి, ఎనిమిది వికెట్లు పోయాయి. అప్పుడు దిగాడు కార్లైల్ గిట్టెన్స్. ఫాస్ట్ బౌలరే కానీ, సెయింట్ లూసీలో ఊరి జట్టుకి ప్రతి శనివారం ఓపెనింగ్ దిగి పరుగులు దంచినవాడు. వెస్టిండీస్ టోపీ పెట్టాక ఆ సంగతి ఎవడిక్కావాలి? బౌలర్ బ్యాటు పడితే జట్టుకి తోక కిందే లెక్క! ఆ మాట అతన్ని లోపల్లోపల కాల్చేది. తననీ ఒకరోజు బ్యాట్స్‌మన్ అనాలి. అంతకు మించి అతనికేం అక్కర్లేదు.

అవతలి కొసన కెప్టెన్ లయొనెల్ బ్రాంకర్ సెంచరీకి దగ్గర్లో ఉన్నాడు.

"చూడు కార్లైల్, ఓవర్లో చివరి బంతికే పరుగు. మిగతావన్నీ నేను చూసుకుంటా. నువ్వు నిలబడితే చాలు."

"నేను ఆడగలను అన్నా."

"ఆడగలవులే. ఆడకు."

తోకని ఇలా దాచిపెట్టడం ఆటలో పాత ఆచారమే, ఎవరూ తప్పు పట్టరు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేమని బ్రాంకర్ నమ్మకం. తేలిగ్గా వచ్చే పరుగుల్ని కూడా చెయ్యెత్తి వద్దంటున్నాడు. స్టాండ్‌లో కార్లైల్‌ని పెంచిన మర్టిల్ పెద్దమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఓయ్ బ్రాంకరూ! మావాడేమైనా నీకు గొడుగు పట్టడానికొచ్చాడా?"

"గొడుగైనా తిన్నగా పడతాడా పెద్దమ్మా?" అన్నాడు వెనక వరసలోంచి ఒకడు.

"నోర్ముయ్యరా! నేను పెట్టిన చేప బోండాలు నముల్తూ నన్నే అంటావా?"

రెండుసార్లు లెక్క తప్పి కార్లైల్ వంతొచ్చింది. రెండుసార్లూ నిటారుగా నిలబడి ఫోరు కొట్టాడు. బ్రాంకర్ 'భేష్' అనలేదు. 'జాగ్రత్త' అన్నాడు.

ఇంక తొమ్మిది పరుగులే కావాలనగా ఓవర్ చివరి బంతి వచ్చింది. బ్రాంకర్ ఒక్క పరుగు తీసి మళ్ళీ తానే ఆడదామనుకుంటాడని ఇంగ్లండ్ వాళ్ళకీ తెలుసు, అందరూ దగ్గరికి వచ్చేశారు. వాళ్ళ తలల మీదుగా లేపబోయి క్యాచ్ ఇచ్చాడు.

ఆఖరివాడు డెల్రాయ్ పిల్‌గ్రిమ్ వచ్చాడు. స్పిన్నర్, టెస్టుల్లో ఎన్నడూ రెండంకెల స్కోరు ఎరగడు. వస్తూనే చేతులు జోడించాడు.

"కార్లైలన్నా, నీకు దణ్ణం పెడతా. చివరి బంతి దాకా నన్ను దాచెయ్యి."

'నువ్వు నిలబడితే చాలు' అనే మాట కార్లైల్ నాలిక చివరిదాకా వచ్చింది. ఛీ, ఎంత తేలిగ్గా వచ్చిందో! మింగేసుకుని తన కొసకి నడిచాడు.

కొత్త ఓవర్ మొదటి బంతి కవర్స్ మీదుగా ఫోరు. ఇంకా అయిదు కావాలి. ఇంగ్లండ్ వాళ్ళు ఫీల్డర్లందర్నీ బౌండరీ దగ్గరికి పంపారు, ఒక పరుగు తీసుకో నాయనా అన్నట్టు. రెండో బంతిని కార్లైల్ మెల్లగా దూరం తోశాడు. నడిచి వెళ్ళినా పరుగు వస్తుంది. వద్దనుకుంటే మిగతాది తనే ముగించొచ్చు, జన్మంతా చెప్పుకోవచ్చు. తీసుకుని డెల్రాయ్ ఔటయితే, తోక తోకేనని ఇద్దర్నీ కలిపి తిడతారు.

"రా!"

"వద్దన్నా, వెనక్కి పో!"

"రారా అంటుంటే!"

పరుగెత్తారు. "కొంప ముంచావు కదరా!" అని తల బాదుకుంది మర్టిల్ పెద్దమ్మ, అప్పటిదాకా వెనకేసుకొచ్చిన మనిషే. కార్లైల్ డెల్రాయ్ దగ్గరికెళ్ళి, "నీ చేతిలో ఉన్నది బ్యాటేగా? ఆడు," అన్నాడు.

ఫీల్డర్లంతా ఈగల్లా డెల్రాయ్ చుట్టూ మూగారు. ఒక బంతి బ్యాటుకి వెంట్రుకవాసిలో తప్పింది. ఇంకోటి ప్యాడ్‌కి తగిలి ఆగింది. మూడోది కాస్త ముందు పడింది. డెల్రాయ్ కాలు చాపి, చేతులు సాగదీసి, బౌలర్ పక్కగా తిన్నగా కొట్టాడు. అంతా దగ్గరే ఉన్నారు, ఇంక వెనక ఆపేదెవరు? బంతి గీత దాటింది. జనం కంచెలు దూకి వచ్చేశారు. ఇద్దర్నీ భుజాల మీదికెత్తారు. కార్లైల్ సిగ్గుపడకుండా ఏడ్చాడు. తన ఫోర్లకన్నా ఆ ఒక్క ఫోరే అతనికి ఎక్కువ గర్వంగా ఉంది.

డ్రెస్సింగ్ రూంలో బ్రాంకర్ వచ్చి కార్లైల్ పక్కన కూర్చున్నాడు.

"ఆ పరుగు ఎందుకు తీశావురా? ఓడిపోయుంటే?"

"ఓడిపోతే ఇద్దరు బ్యాట్స్‌మన్లు ఓడిపోయుండేవాళ్ళు అన్నా."



తరవాతి టెస్టు ట్రినిడాడ్‌లో. ఎనిమిదో వికెట్ పడి కార్లైల్ దిగేసరికి అవతల మళ్ళీ బ్రాంకరే ఉన్నాడు. ఈసారి బ్రాంకర్ ఓవర్ మొదటి బంతినే పక్కకి తోసి, "రా" అని పరుగు తీశాడు.